ముందు ఇంజను, నడుమ ఇంజను: రెండు జపాన్ రోడ్‌స్టర్లు

(విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, కారు ప్రియులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం.)

పెద్దలకు, విద్యార్థులకు, ఆదివారం ఉదయం నిద్ర మానుకుని వచ్చిన కారు ప్రియులకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయే రెండు రోడ్‌స్టర్లూ, అంటే గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల చిన్న కార్లు మాజ్దా ఎంఎక్స్-5, టొయోటా ఎంఆర్2, మన దేశంలో ఏ షోరూములోనూ అమ్మకానికి రాలేదు. మాజ్దా మన దగ్గర కార్ల వ్యాపారమే పెట్టలేదు. ఆ పేరు మనకు పరిచయమైంది స్వరాజ్ మాజ్దా మినీ బస్సుల వల్ల, చిన్న లారీల వల్ల. టొయోటా 1990ల చివరి నుంచి ఇక్కడ ఉన్నప్పటికీ ఎంఆర్2ను మాత్రం తీసుకురాలేదు. అలాంటి కార్ల గురించి విశాఖలో కూర్చుని ఇంతసేపు మాట్లాడుకోవడం దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. తక్కువ ఖర్చుతో మంచి యంత్రాన్ని ఎలా తయారుచేయాలన్న ప్రశ్నకు ఒకే దేశం నుంచి, ఒకే కాలంలో, ఇంచుమించు ఒకే బరువుతో, ఒకే శక్తితో వచ్చిన రెండు భిన్నమైన జవాబులు ఇవి. ఇంజనీరింగ్ చదివేవాళ్లకు ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకడం కష్టం. డబ్బు లెక్కలేనంతగా ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయాల కంటే, చేతిలో ఉన్నది కొంచెమే అయినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి అని ఆలోచించి తీసుకునే నిర్ణయాల్లోనే ఇంజనీరు మనసు బయటపడుతుందని నా నమ్మకం.

మొదటిది మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దాన్ని మియాటా అంటారు, ఔత్సాహికులు ఎక్కడున్నా ఎక్కువగా ఆ పేరుతోనే పిలుస్తారు కనుక నేనూ అలాగే అంటాను. రెండోది 1999లో వచ్చిన మూడో తరం టొయోటా ఎంఆర్2. దాన్ని జపాన్‌లో ఎంఆర్-ఎస్ అని, అమెరికాలో ఎంఆర్2 స్పైడర్ అని అమ్మారు. మియాటాలో నాలుగు తరాలు ఉన్నాయి, కానీ న్యాయంగా పోల్చాలంటే 1998 నుంచి 2005 వరకు తయారైన రెండో తరాన్ని ఎదురుగా నిలబెట్టాలి. అదే కాలపు మరో జపాన్ రోడ్‌స్టర్ హోండా ఎస్2000ను ఎందుకు వదిలేశారని ముందు వరుసలోని అబ్బాయి ఇందాకే అడిగారు. నిమిషానికి 9000 చుట్లు తిరిగే ఆ ఇంజను అద్భుతమే. కానీ అమెరికాలో దాని ధర మొదటి రోజు నుంచే 30 వేల డాలర్లు దాటింది. ఇక్కడ మన విషయం మామూలు ఉద్యోగి జీతంతో కొనగలిగే కారు. ఆ రోజుల్లో మియాటా దాదాపు 20 వేల డాలర్లకు, ఎంఆర్2 స్పైడర్ సుమారు 23 వేలకు దొరికేవి.

ఈ రకం కారు పుట్టింది జపాన్‌లో కాదు. 1960లు, 70లలో చిన్న ఒళ్లు, రెండు సీట్లు, మడిచి వెనక్కి తోసే గుడ్డ టాప్ ఉన్న చవక కారంటే బ్రిటన్‌దే. ఎంజీ-బీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వంటివి అమెరికాలో విరివిగా అమ్ముడుపోయేవి. వాటి ఇంజన్లు నూనె కార్చేవి, వర్షం పడితే వైరింగు మొరాయించేది, టాప్ మూసినా నీళ్లు లోపలికి వచ్చేవి. అయినా వాటిని నడిపినవాళ్లు వాటిని మరచిపోలేకపోయారు. పై రెండూ 1980లోనే ఆగిపోయాయి. కొనేవాళ్లు ఉన్నారు, అమ్మేవాళ్లు లేరు. ఈ ఖాళీని మాజ్దా చూసింది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు, అప్పట్లో మాజ్దా పరిశోధన విభాగం పెద్ద, తరువాత ఆ సంస్థకే అధ్యక్షుడైన కెనిచి యమమొతోకు ఇలాంటి కారు చేయమని చెప్పాడు. కొన్నాళ్లకు హాల్ మాజ్దా కాలిఫోర్నియా కార్యాలయంలోనే ఉద్యోగంలో చేరాడు.

ఆ తరువాత జరిగినది మన పోలికకు చాలా ముఖ్యం. కారు ఏ పద్ధతిలో ఉండాలన్న విషయంపై మాజ్దా తన సొంత బృందాల మధ్యే పోటీ పెట్టింది. టోక్యో బృందం ముందు ఇంజనుతో ముందు చక్రాలను నడిపే పద్ధతిని, ఇంజనును సీట్ల వెనుక నడుమ భాగంలో పెట్టే పద్ధతిని ప్రతిపాదించింది. కాలిఫోర్నియా బృందం మాత్రం ఇంజను ముందుండాలి, వెనుక చక్రాలు నడవాలి అని పట్టుబట్టి, 1984లో గెలిచింది. అదే ఏడాది టొయోటా తన మొదటి ఎంఆర్2ను నడుమ ఇంజనుతో బజారులోకి తెచ్చింది. అంటే మాజ్దా బల్ల మీద పెట్టి, చూసి, వద్దనుకున్న దారిలోనే టొయోటా నడిచింది. రెండు సంస్థల్లో ఏ ఒక్కటీ రెండో దారి తెలియక తన దారి ఎంచుకోలేదు.

తొలి మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకు వచ్చింది. అమెరికాలో దాని ప్రారంభ ధర 13,800 డాలర్లు. ప్రధాన ఇంజనీరు తొషిహికొ హిరాయి. గుర్రమూ రౌతూ ఒక్కటై కదిలినట్టు కారూ మనిషీ కదలాలన్నది ఆయన బృందం పెట్టుకున్న లక్ష్యమని మాజ్దా ఇప్పటికీ చెబుతుంది. ప్రకటనల్లో ఇలాంటి మాటలు ప్రతి కంపెనీ వాడుతుంది కనుక వాటిని పక్కన పెట్టి, డబ్బు ఎక్కడ ఖర్చయిందో చూద్దాం. ఇంజను కొత్తది కాదు. మాజ్దా 323 అనే కుటుంబపు కారులో వాడిన రకానికే మార్పులు చేసి, అడ్డంగా ఉన్నదాన్ని కారు పొడవు దిశగా తిప్పి పెట్టారు. లోపల ప్లాస్టిక్ మామూలుది. మొదట్లో వెనుక కిటికీకి అద్దం కూడా లేదు, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు ఉండేది. కానీ నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి చేతులతో పట్టుకునే అమరిక, పెట్టారు. ఆ ధరలో అది విలాసమే. దీని ఫలితంగా మలుపులో బాడీ ఒరిగినా టైరు రోడ్డు మీద దాదాపు నిటారుగానే నిలుస్తుంది. గేర్‌బాక్సును, వెనుక చక్రాలు రెండింటికీ శక్తిని పంచే డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవైన అల్యూమినియం చట్రం ఒకటి బిగించారు. దాని వల్ల యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ వేటికవి మెలికపడకుండా ఒకే ముక్కగా పనిచేస్తాయి, కాలి కింద జరిగినది వెనుక చక్రానికి ఆలస్యం లేకుండా అందుతుంది. ఇంజనును ముందు ఇరుసుకు వీలైనంత వెనక్కి జరిపారు; బ్యాటరీని తీసుకెళ్లి డిక్కీలో పెట్టారు. ఇవన్నీ చేసి ముందు వెనకల బరువును ఇంచుమించు సగం సగంగా పంచారు.

గేర్ లివర్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మియాటాను ప్రేమించేవాళ్లలో సగం మంది ఆ లివర్ వల్లే ప్రేమించారని నా అనుమానం. మనం రోజూ నడిపే ముందు చక్రాల కార్లలో లివర్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పొడవాటి కేబుళ్లు ఉంటాయి. చేయి ఇక్కడ కదిలితే పని అక్కడెక్కడో జరుగుతుంది. మియాటాలో గేర్‌బాక్సు సరిగ్గా లివర్ కిందే ఉంటుంది. లివర్ అడుగు నేరుగా గేర్‌బాక్సు లోపలికి దిగి పనిచేస్తుంది. ఒక గేరు నుంచి మరో గేరుకు చేయి కదిలే దూరం నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే. మణికట్టు తిప్పితే చాలు, మోచేయి కదపనక్కర్లేదు. గేరు పడిన క్షణంలో లోపలి ఇనుము ఇనుముకు తగిలిన చిన్న టక్కు అరచేతిలో తెలుస్తుంది. కొనేవాడికి ఈ ముక్క ధరల పట్టికలో ఎక్కడా కనిపించదు. అయినా దాని మీద ఖర్చు పెట్టారు.

రెండో తరం మియాటాలో మూతలు తెరుచుకుని పైకి లేచే హెడ్‌లైట్లు పోయాయి, వెనుక కిటికీకి నిజమైన అద్దం వచ్చింది, బాడీ గట్టిపడింది, అమెరికాలో 1.8 లీటర్ల ఇంజను 140 హార్స్‌పవర్ ఇచ్చింది. మిగతా స్వభావం మొదటి తరానిదే. హెడ్‌లైట్లు పోయినందుకు ఏడ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను వాళ్లలో లేను.

ఇక టొయోటా వైపు వెళ్దాం. మొదటి ఎంఆర్2 పదునైన గీతలున్న చిన్న కారు. 1989లో వచ్చిన రెండో తరం పెరిగి పెద్దదై, టర్బోతో దూకుడుగా తయారైంది. నేర్పు తక్కువైనవాడు మలుపు మధ్యలో కాలు తీసేస్తే వెనుక భాగం ఒక్కసారిగా తిరిగిపోతుందన్న పేరు దానికి గట్టిగా పడింది. మూడో తరానికి వచ్చేసరికి టొయోటా ఆ పెరుగుదలనంతా వెనక్కి తిప్పింది. టర్బో తీసేశారు, గట్టి పైకప్పు తీసేసి గుడ్డ టాప్ పెట్టారు, బరువును టన్నుకు లోపలికి దించారు. అదే కాలపు మియాటా టన్నుకు కాస్త పైన ఉంటుంది. కారు మొత్తం పొడవు 3,885 మిల్లీమీటర్లు, అంటే మియాటా కంటే తక్కువ. కానీ ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు, అంటే మియాటా కంటే 185 ఎక్కువ. చక్రాలను నాలుగు మూలలకూ తోసేశారన్న మాట. పాత కారు పేరు పోగొట్టిన ఆ తిరుగుడును అదుపు చేయడానికే ఇదంతా అని కొలతలు చూస్తేనే అర్థమవుతుంది.

ఈ కారు ఇంజనును మీలో చాలామంది చూశారు. 2003లో మన దేశంలో విడుదలైన టొయోటా కొరొల్లా గుర్తుందా? ద్వారకా నగర్‌లో డాక్టర్ల క్లినిక్కుల ముందు, పోర్టు అధికారుల ఇళ్ల ముందు తెల్లగా మెరుస్తూ ఆగి ఉండేది. దాని బానెట్ కింద ఉన్న 1,794 సీసీల 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ ఇంజనూ, ఎంఆర్2 స్పైడర్‌లో సీట్ల వెనుక ఉన్న ఇంజనూ ఒకే రకానివి. రోడ్‌స్టర్‌లో అది దాదాపు 140 హార్స్‌పవర్ ఇచ్చింది. ముందు చక్రాల కారులో ఇంజను, గేర్‌బాక్సు అడ్డంగా ఒకే మూటలా ఉంటాయి. ఆ మూటను అలాగే ఎత్తి వెనుక చక్రాల ముందు దించితే నడుమ ఇంజను కారు తయారవుతుంది. వెనక్కి పోయే పొడవాటి షాఫ్టు అక్కర్లేదు, విడిగా డిఫరెన్షియల్ అక్కర్లేదు. ఫెరారీ, లంబోర్ఘినీల్లో కనిపించే అమరికను కొరొల్లా విడిభాగాలతో చేయగలిగారంటే కిటుకు ఇదే. ఇదే ఇంజనును తరువాత లోటస్ తన ఎలీజ్ ఎస్ కారులో వాడుకుంది. ఇంజనును నడుమ పెట్టడమే టొయోటా చేసిన ప్రధాన ఖర్చు. మిగతా చోట్ల పొదుపు చేసింది. సస్పెన్షన్ నాలుగు చక్రాలకూ స్ట్రట్ రకమే, అంటే మీ ఇంటి మారుతీలో ముందు చక్రాలకు ఉండేలాంటిదే. గేర్ లివర్ నుంచి వెనుక ఉన్న గేర్‌బాక్సుకు కేబుళ్లే వెళ్తాయి, కనుక గేర్లు బాగానే పడతాయి గానీ మియాటాలోని ఆ టక్కు చేతికి అందదు. క్లచ్ పెడలు లేకుండా గేర్లు మార్చే ఎస్ఎంటీ అనే గేర్‌బాక్సు కూడా కొన్నింట్లో పెట్టారు. అది ఉన్న కారును నేను మెచ్చుకోలేను.

ఇక్కడ కాసేపు భౌతికశాస్త్రం లోకి వెళ్లక తప్పదు. కావడి భుజాన వేసుకుని రెండు చివరలా నిండు బిందెలు పెట్టుకున్న మనిషి చటుక్కున పక్కకు తిరగలేడు, తిరగడం మొదలుపెట్టాక చటుక్కున ఆగనూ లేడు. అవే బిందెలను రెండు చేతులా ఛాతీకి హత్తుకుంటే సులువుగా తిరుగుతాడు. బరువు మొత్తం మారలేదు, నిలువు అక్షానికి ఆ బరువు ఎంత దూరంలో ఉందన్నదే మారింది. దీన్నే మీరు జడత్వ భ్రామకం అని చదువుకుంటారు. కారులో అన్నిటికంటే బరువైన ముక్క ఇంజను, గేర్‌బాక్సు. దాన్ని మధ్యకు తెచ్చిన కారు స్టీరింగు తిప్పగానే దిశ మార్చుకుంటుంది. మియాటాలో కూడా ఇంజను ముందు ఇరుసుకు వెనుకే ఉంది కనుక అది మామూలు కార్ల కంటే చాలా మెరుగు. అయినా ఎంఆర్2 అంత కాదు. దీనికి తోడు ఎంఆర్2 బరువులో దాదాపు 57 శాతం వెనుక చక్రాల మీద పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనుక చక్రాలు జారకుండా పట్టు ఇస్తాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు జరుగుతుంది గనుక, అప్పటిదాకా తేలికగా ఉన్న ముందు చక్రాల మీద భారం పెరిగి నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి.

ఈ లెక్కలు రోడ్డు మీద ఎలా ఉంటాయో చెప్పడానికి మీ అందరికీ తెలిసిన చోటును తీసుకుంటాను. ఈ రెండు కార్లనూ నేను నడిపినది విదేశాల్లో, అక్కడి కొండ దారుల్లో. కానీ ఎస్.కోట దాటి టైడా మీదుగా అనంతగిరికి ఎక్కే ఘాట్ రోడ్డులో ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉండి, దారి తన మీద తానే వెనక్కి మడిచినట్టుండే మలుపులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అలాంటి మలుపు దగ్గరికి దిగువ నుంచి రెండో గేరులో వస్తున్నామనుకోండి. మియాటాలో బ్రేకు వదిలి స్టీరింగు తిప్పుతాం. కారు మొదట కొంచెం పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరగడంలోనే టైర్లకు ఇంకా ఎంత పట్టు మిగిలి ఉందో నడుముకు తెలుస్తుంది. కాస్త ఎక్కువ వేగంతో వచ్చామా, ముందు చక్రాలు సన్నగా కూతపెట్టి బయటికి జరగడం మొదలుపెడతాయి. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా తేలిక చేస్తే ముక్కు మళ్లీ లోపలికి వస్తుంది. ఇంకా ధైర్యం చేసి మలుపు చివరలో గట్టిగా తొక్కితే వెనుక భాగం నింపాదిగా జారుతుంది, స్టీరింగు కొంచెం ఎదురు తిప్పితే సర్దుకుంటుంది. ప్రతి దశకూ ముందొక హెచ్చరిక ఉంటుంది, ప్రతి హెచ్చరికకూ తరువాత కొంత వ్యవధి ఉంటుంది.

అదే మలుపులోకి ఎంఆర్2ను తీసుకువెళ్తే మొదటి అనుభవం ఆశ్చర్యమే. స్టీరింగు తిప్పిన క్షణానికే ముక్కు లోపలికి చూస్తుంది, ఒరగడమన్నది దాదాపు ఉండదు. మీ నడుమే ఇరుసుగా కారు తిరిగిందా అనిపిస్తుంది. మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు మియాటాలో ఇంకా ఆగి చూసుకోవాల్సిన చోట ఇందులో యాక్సిలరేటర్ తొక్కేయవచ్చు. పొడి రోడ్డు మీద, తెలిసిన దారిలో, ఈ ఒక్క విషయంలో ఎంఆర్2 మేలైన కారని నేను మొహమాటం లేకుండా చెబుతాను. కానీ నిబంధన ఒకటుంది. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోవాలి. వేగంగా దూరిపోయి, మధ్యలో భయపడి, కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు వెనుక నుంచి ముందుకు దూకుతుంది, వెనుక టైర్ల పట్టు సడలుతుంది, తిరగడానికి అంత సులువుగా ఉన్న కారు ఇప్పుడూ అంతే సులువుగా తిరుగుతుంది, అయితే మీరు కోరిన వైపు కాదు. దీన్ని ఊహించే టొయోటా ముందు 185, వెనుక 205 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసి, ముందు భాగమే ముందుగా జారేలా సర్దింది. రెండో తరంతో పోలిస్తే ఇది చాలా సాధువు. అయినా అనంతగిరి కాఫీ తోటల దగ్గర పొగమంచు దిగి, రోడ్డు మీద ఎర్రమట్టి కొట్టుకొచ్చిన వానాకాలపు సాయంత్రం ఈ రెండింట్లో ఒకదాని తాళం తీసుకోమంటే, ఆలోచించకుండా మియాటాది తీసుకుంటాను.

ఒక చిన్న పక్కదారి పట్టి వస్తాను. ముందా, నడుమా అన్న ఈ వాదనను జపాన్ అంతకుముందే ఇంకా చిన్న పరిమాణంలో ఆడి చూసింది. 1991లో అక్కడి కే-కార్ల తరగతిలో, అంటే పరిమాణానికీ ఇంజనుకూ పరిమితి ఉన్న బుల్లి కార్లలో, హోండా బీట్ నడుమ ఇంజనుతోనూ, సుజుకీ కపుచీనో ముందు ఇంజనుతోనూ వచ్చాయి. రెండూ 660 సీసీల లోపే, రెండూ 64 హార్స్‌పవరే. మారుతీ 800 నడిపిన చేతులకు అవి ఎంత ముద్దుగా అనిపిస్తాయో చెప్పలేను. వాటిపై వేరే రోజు మాట్లాడుకోవాలి.

వేగం గురించి ఇంతవరకు చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. ఇవాళ బీచ్ రోడ్డు మీద సకుటుంబంగా భీమిలి వెళ్లే టర్బో ఎస్‌యూవీల్లో కొన్నింటి శక్తి 160 హార్స్‌పవర్. ఈ రోడ్‌స్టర్లది 140. సన్నటి టైర్లు, తక్కువ బరువు, నేలకు దగ్గరగా కూర్చునే సీటు, తల మీద ఆకాశం, వీటి వల్ల గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనే కారు హద్దుల దగ్గర ఉన్నామన్న స్పృహ కలుగుతుంది. మూడు వందల హార్స్‌పవర్ కారులో ఆ స్పృహ రావాలంటే చట్టం ఒప్పుకోని వేగానికి వెళ్లాలి. ఔత్సాహికులు ఈ చిన్న కార్లను వదలకపోవడానికి ఇది మొదటి కారణం.

రోజువారీ వాడకానికి వస్తే పోటీ ఏకపక్షమే. మియాటాకు చిన్నదైనా నిజమైన డిక్కీ ఉంది. ఇద్దరు మనుషులు రెండు రోజులకు సరిపడా బట్టలతో అరకు వెళ్లి రావచ్చు. ఎంఆర్2 స్పైడర్‌లో ముందు మూత ఎత్తితే స్టెప్నీ, దాని చుట్టూ చేతి సంచి పట్టేంత చోటు కనిపిస్తాయి. మిగతా సామాను సీట్ల వెనుక ఉన్న రెండు తాళపు అరల్లో కూరాలి. సూట్‌కేసు పట్టదు. పెళ్లయిన కొత్తలో ఉన్నవాళ్లు కూడా దీనితో సర్దుకోవడం కష్టం. నా ఉద్దేశంలో ఆ కారు అమ్మకాలను దెబ్బతీసిన వాటిలో ఈ డిక్కీ లేమికి పెద్ద వాటా ఉంది. అమెరికాలో ఎంఆర్2 స్పైడర్ అమ్మకం 2005తో ఆగింది, జపాన్‌లో 2007తో తయారీ ముగిసింది. మియాటా మాత్రం మూడో తరంలో కాస్త లావెక్కి, 2015లో వచ్చిన నాలుగో తరంలో మళ్లీ టన్ను దగ్గరికి దిగి, 2016 ఏప్రిల్‌లో పది లక్షల కారును చూసింది.

ఈ సంఖ్య ఔత్సాహికుడికి ఎందుకు ముఖ్యమో కొత్తవాళ్లకు వెంటనే తట్టదు. పాత కారును ప్రేమించడం వేరు, దాన్ని నడిచే స్థితిలో ఉంచుకోవడం వేరు. లక్షల్లో అమ్ముడైన కారుకు విడిభాగం దొరుకుతుంది, పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, మీకు వచ్చిన సమస్య ఇంతకుముందే వేరొకరికి వచ్చి ఉంటుంది. అమెరికాలో స్పెక్ మియాటా పేరుతో ఏకంగా ఒక రేసు తరగతే ఉంది. అందులో పాల్గొనే కార్లన్నీ ఒకేలా ఉండాలి కనుక గెలుపు డబ్బు మీద కాక నడిపేవాడి మీద ఆధారపడుతుంది, కనీసం సిద్ధాంతంగా. జపాన్‌లో మాజ్దా తానే మొదటి తరం కార్లను పునరుద్ధరించే పనిని 2017లో ప్రకటించి, ఆగిపోయిన కొన్ని విడిభాగాలను మళ్లీ తయారుచేయించింది. ఎంఆర్2 అభిమానులు సంఖ్యలో తక్కువ, పట్టుదలలో ఎక్కువ. టొయోటా సెలికాలో వచ్చిన మరింత చురుకైన 2జెడ్‌జెడ్ ఇంజనును తెచ్చి ఇందులో బిగించుకోవడం వాళ్లకు ఇష్టమైన పని. రెండు ఇంజన్లూ ఒకే కుటుంబానివి కనుక అది సాధ్యమైంది. మియాటా అభిమానులు కొత్తవాణ్ణి చేయి పట్టుకుని లోపలికి పిలుస్తారు, ఎంఆర్2 అభిమానులు ముందు రెండు ప్రశ్నలు అడిగి పిలుస్తారు. ఇది నేను చూసిన కొద్దిమందిని బట్టి చెప్పే మాట.

వీటిని విశాఖకు తెచ్చుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు కనుక ముందే చెబుతాను. వాడిన కారును మామూలుగా దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదన్నది మన నిబంధన, పైగా సుంకం కారు ధరనే దాటిపోతుంది. 2007లో ఆగిన కారుకు ఆ తలుపు మూసుకున్నట్టే. ఒకవేళ తెచ్చినా, లాసన్స్ బే కాలనీలో కిటికీ గ్రిల్లులు ఏమవుతాయో చూసినవాళ్లు సముద్రపు గాలికి గుడ్డ టాప్ కారును అప్పగించరు. కానీ మీలో ఏటా ఎంతోమంది పైచదువులకు అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వెళ్తున్నారు. అక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక సెకండ్ హ్యాండ్‌లో ఇవి కొనాలనుకునేవాళ్ల కోసం ఏం చూడాలో చెప్పి ముగిస్తాను.

మియాటా చూడటానికి వెళ్తే ఇంజను కంటే ముందు తలుపు కింది అంచులను, వెనుక చక్రాల ముందు భాగాన్ని చేత్తో తడమండి. గుడ్డ టాప్ మీద పడిన నీళ్లు సీట్ల వెనుక మూలల్లో ఉన్న రెండు రంధ్రాల గుండా కిందికి పోతాయి. చెట్టు కింద నిలిపిన కారులో ఆ రంధ్రాలు ఆకులతో పూడుకుపోతే, నీళ్లు దారి దొరక్క తలుపు కింది పెట్టె భాగంలో చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. రెండో తరంలో బానెట్ కింద ముందు చట్రపు దూలాలను కూడా టార్చి వేసి చూడాలి. ఇంజను దాదాపుగా మొండిది, సమయానికి నూనె మారిస్తే చాలాకాలం నడుస్తుంది.

ఎంఆర్2 స్పైడర్ దగ్గర క్రమం తిరగేయాలి. అక్కడ మొదట చూడాల్సింది నూనె కొలిచే పుల్ల. ముఖ్యంగా 2000 నుంచి 2002 వరకు తయారైన వాటిలో కొన్ని ఇంజన్లు నూనె తాగుతాయని, ఎగ్జాస్టు మొదట్లోనే ఉండి పొగను శుద్ధిచేసే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ల పింగాణీ విరిగి, ఆ పొడి ఇంజను లోపలికి తిరిగి వెళ్లి సిలిండర్లను గీరేస్తుందని ఆ కారు వాడేవాళ్లందరికీ తెలుసు. ఆ భాగాన్ని ఇంతకుముందే మార్పించారా అని అమ్మేవాణ్ణి అడగండి, బిల్లు చూపించమనండి. చల్లటి ఇంజనును స్టార్ట్ చేయించి, వెనుక నిలబడి నీలం పొగ వస్తుందేమో చూడండి. మీరు వచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటే మర్నాడు ఉదయం మళ్లీ వస్తానని చెప్పండి. ఆ తరువాత టైర్లు చూడండి. ముందూ వెనుకా వేర్వేరు కొలతలు ఉండాల్సిన కారు ఇది. నాలుగూ ఒకే కొలతవి వేసి ఉంటే, ఇందాక చెప్పిన ఆ జాగ్రత్త సర్దుబాటును ఎవరో తెలియక చెడగొట్టారని అర్థం, నడిపి చూసేటప్పుడు మలుపుల్లో తొందరపడకండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎస్2000 గురించి అడిగిన అబ్బాయికి ఇంకా ప్రశ్నలున్నట్టున్నాయి, మైకు ముందు ఆయనకే ఇవ్వండి.